‘మొబైల్ అడిక్షన్’ అని రిపోర్టులో రాయవచ్చా?

కాలేజీ_కౌన్సెలర్:
ఇంటర్ పిల్లల నివేదికల్లో ఒకరు ‘ఇంటర్నెట్ అడిక్షన్’ అంటారు, ఇంకొకరు ‘మొబైల్ అడిక్షన్’ అంటారు. రోజుకు ఆరు గంటలు దాటితే అడిక్షనేనని మరికొందరి లెక్క. ఇంతకీ చెల్లుబాటయ్యే పేరు ఏది?

సైకియాట్రీ_పీజీ:
ఆ రెండు పేర్లూ ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ అయిన ఐసీడీ-11లో లేవండి. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆ వర్గీకరణలో ఉన్నది గేమింగ్ డిజార్డర్, కోడ్ 6సి51. ఆట మీద అదుపు తప్పడం, చదువు, తిండి, నిద్ర కన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం: ఈ మూడూ ఉండాలి. వాటివల్ల చదువో ఇంటి సంబంధాలో గట్టిగా దెబ్బతినాలి. మామూలుగా 12 నెలలు చూస్తారు, తీవ్రత ఎక్కువైతే అంతకన్నా ముందే నిర్ధారించవచ్చు. గంటల లెక్క ఈ షరతుల్లో ఎక్కడా లేదు. సెలవుల్లో రోజంతా ఆడి, కాలేజీ తెరవగానే మానేసేవాడికి ఈ పేరు తగిలించడం అన్యాయం. ఆట వల్ల ముప్పు కనిపిస్తున్నా రుగ్మత స్థాయికి చేరకపోతే ‘హజార్డస్ గేమింగ్’, క్యూఈ22. అది రుగ్మతల జాబితాలోది కాదు.

డబ్బు పెట్టి ఆడే రమ్మీ, బెట్టింగ్ యాప్‌లను దయచేసి ఇందులో కలపకండి. అది గ్యాంబ్లింగ్ డిజార్డర్, 6సి50. అక్కడ అప్పుల గురించి విడిగా అడగాలి, పిల్లలు తమంతట తాము చెప్పరు.

కాలేజీ_కౌన్సెలర్:
మరి రీల్స్ వదలని పిల్లలు? 20 ప్రశ్నల ఇంటర్నెట్ అడిక్షన్ టెస్టులో స్కోరు ఎక్కువే వస్తోంది.

క్లినికల్_సైకాలజీ:
సోషల్ మీడియాకు ప్రత్యేక కోడ్ లేదు. 6సి5వై అనే ‘ఇతర’ గడిలో చేర్చవచ్చా అన్నదానిపై నిపుణులు ఇంకా ఒక మాట మీదికి రాలేదు. సైకాలజిస్టు కింబర్లీ యంగ్ తయారుచేసిన ఆ టెస్టు వడపోతకే, స్కోరు చూసి రోగం పేరు రాయకూడదు. పైగా అది నెట్ మొత్తాన్నీ ఒకే గంపలో వేస్తుంది, పిల్లవాడు ఏం చేస్తున్నాడో చెప్పదు. కాబట్టి ఏ యాప్, ఏ వేళ, ఎందుకు తెరుస్తున్నాడు, ఆపమంటే ఏమవుతోంది అని అడిగి రాసుకోండి. డిప్రెషన్, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం), పరీక్షల భయం ఉన్నాయేమో తప్పక చూడాలి. అవి కింద ఉండగా ఫోను లాక్కుంటే అసలు బాధ అలాగే ఉండిపోతుంది.

నివేదికలో ఇలా రాస్తే చాలు: “రాత్రి 1 దాకా రీల్స్ చూస్తున్నాడు, ఆపాలని ప్రయత్నించినా ఆపలేకపోతున్నాడు, మూడు నెలలుగా ఉదయం క్లాసులు పోతున్నాయి. సమస్యాత్మక వాడకం, రోగనిర్ధారణ కాదు. సైకియాట్రిస్టుకు సిఫారసు.” ఇంటివాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కూడా ఇవ్వండి, తెలుగులో మాట్లాడతారు.