చెరువుల్ని కలుపుతూ నడకదారి వేస్తే ఊరు ఊరుగా మిగులుతుందా?

మూడో అంతస్తు:
బెంగళూరులో వర్తూరు వైపు మా వార్డులో కొత్త ప్లాన్ ఒకటి నడుస్తోంది. రాజకాలువ (చెరువు నుంచి చెరువుకి వాన నీరు పోయే పెద్ద కాలువ) గట్టు వెంబడి నడకదారి, సైకిల్ దారి వేసి మూడు చెరువుల్ని కలుపుతారట, మధ్యలో ఉన్న గుండుతోపును, అంటే ఊరుమ్మడి చెట్ల తోపును, పార్కు చేస్తారట. మా అపార్ట్‌మెంట్‌లో అందరూ సరే అంటున్నారు, పాత ఊళ్లో వాళ్లు మాత్రం ఒప్పుకోవడం లేదు. నాకైతే కావాలి. మా పిల్లలు సైకిల్ తొక్కాలంటే నీళ్ల ట్యాంకర్ల మధ్యే తొక్కాలి. మీరేమంటారు?

అనపచేను:
ఆ ఒప్పుకోని వాళ్లలో నేనూ ఒకడిని అన్నా. 2007లో నగరంలో కలిపిన 110 ఊళ్లలో మాదీ ఒకటి. తాతల కాలం నుంచీ ఇంట్లో తెలుగే మాట్లాడతాం, ఇప్పటికీ కాస్త చేను మిగిలింది, చలికాలం వస్తే అనపకాయలు కోస్తాం. దారి మీద నాకు కోపం లేదు. దారితో పాటు వచ్చే గేటు, బోర్డు, వాచ్‌మన్, వీటితోనే భయం. పక్క చెరువుకి ఫెన్స్ వేశాక మా అమ్మ ఎప్పటిలాగే గడ్డి కోయడానికి కొడవలి పట్టుకుని వెళితే, పశువులకి లోపలికి అనుమతి లేదు, గడ్డీ కోయకూడదు అని వెనక్కి పంపారు. నలభై ఏళ్లు ఆ గట్టు మీద నడిచిన మనిషి. ఆ నెలలోనే రెండు ఆవుల్లో ఒకదాన్ని అమ్మేశాం. గుండుతోపంటే ఎవరూ వాడని ఖాళీ స్థలం అనుకుంటున్నారేమో, జాతరకి వంటలు అక్కడే, చింతకాయ దులిపేది అక్కడే, ఎండకి గొర్రెలు నిలబడేదీ అక్కడే. దాన్ని లాన్ చేసి పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరుస్తామంటే అది ఇక మాది కాదు.

వానాకాలం:
అనపచేను గారూ, మీ బాధ అర్థమైంది, కానీ గేటు లేని చోట ఏమైందో కూడా చూడండి. ఏ హద్దూ లేని కాలువ గట్టు మీద ముందు మట్టి పోస్తారు, తర్వాత షెడ్డు, తర్వాత లేఅవుట్. 2022 సెప్టెంబరు వానల్లో ఇటువైపు కాలనీల నుంచి మనుషుల్ని ట్రాక్టర్లలో బయటికి తెచ్చారు కదా. పై చెరువు అలుగు పారితే నీళ్లు కాలువలో కింది చెరువుకి పోవాలి, బెళ్లందూరు నుంచి వర్తూరుకి, అక్కడి నుంచి దక్షిణ పినాకిని నదికి. ఆ దారి మూసుకుపోయింది. రోజూ నలుగురు నడిచే గట్టుని ఆక్రమించడం కష్టం, అందుకే నా ఓటు దారికే.

చట్టం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. 2016లో హరిత ట్రిబ్యునల్ చెరువు చుట్టూ 75 మీటర్లు ఏమీ కట్టకుండా వదలమంటే, 2019 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, మళ్లీ పాత మాస్టర్ ప్లాన్‌లోని 30 మీటర్లకే వచ్చింది.

అనపచేను:
నడిచే మనుషులే కాపలా అన్నది ఒప్పుకుంటాను. మరి గడ్డి కోసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు కూడా కాపలానే కదా, వాళ్లు చీకటితోనే అక్కడుంటారు. వాళ్లని పంపేసి సెక్యూరిటీకి జీతమివ్వడం ఏం లెక్క? జక్కూరు చెరువు చూడండి, శుద్ధి చేసిన మురుగునీరు ముందు జమ్ము పెరిగిన మడుగులోకి వెళ్లి, ఆ తర్వాతే చెరువులోకి వస్తుంది. చేపలు పట్టేవాళ్లు, పశువుల మేతకి గడ్డి కోసేవాళ్లు, వాకింగ్‌కి వచ్చేవాళ్లు అందరూ అక్కడే తిరుగుతారు. తురహళ్లి అడవిలో 2021లో ట్రీ పార్కు చేస్తామన్నప్పుడు వద్దని నిలబడింది ఎక్కువగా నగరం వాళ్లే, అడవిని అడవిగా వదలమన్నారు. మా తోపుకీ అదే అడుగుతున్నాం.

దారి మట్టిదే వేయండి, గట్టు మీద కాంక్రీటు పోస్తే వాన నీరు ఇంకదు, ఆవుల కాళ్లు జారతాయి. తోపుకి గేటు వద్దు. గడ్డి కోసే హక్కు ప్లాన్‌లోనే రాయాలి, నోటిమాట చాలదు.

మూడో అంతస్తు:
మట్టి దారంటే వానాకాలంలో పిల్లల సైకిల్ దిగబడుతుంది, అందుకు నేనింకా ఒప్పుకోలేదు. గేటు విషయంలో మాత్రం మీ మాటే నిజం, గడ్డి సంగతి మాకు నిజంగా తెలియదు. ప్లాన్ కాపీ నా దగ్గర ఉంది, అందులో తోపుని 'ఖాళీ స్థలం' అనే రాశారు. ఆదివారం పొద్దున ఏడింటికి తూము దగ్గరికి వస్తాను, అమ్మగారిని కూడా తీసుకురండి, ఎక్కడెక్కడ కోస్తారో ఆవిడే చూపిస్తే మ్యాప్ మీద గుర్తు పెడదాం.