అప్‌డేట్: ఎస్సీ యాజమాన్య కోటా చిక్కు వీడింది, తప్పు మా భాగస్వామ్య ఒప్పంద పత్రం (డీడ్)లోనే ఉంది

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉన్నా, ప్రభుత్వ టెండరులో మా ఫర్నిచర్ తయారీ సంస్థను ఎస్సీ యాజమాన్య సంస్థగా అంగీకరించలేదని మార్చిలో ఇక్కడే అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. "డీడ్ చూడండి" అన్న ఒక్క మాటే పనికొచ్చింది.

భాగస్వామ్య సంస్థలో ఎస్సీ, ఎస్టీ భాగస్వాముల వాటా కనీసం 51 శాతం ఉండాలి. ఎస్సీ భాగస్వామిగా నా వాటా 60 శాతం ఉంది, కానీ మేము జతపరిచింది సగం సగం అని రాసిన పాత డీడ్! వాటా మార్చిన అనుబంధ డీడ్ రెండేళ్లుగా బీరువాలో, కరెంటు బిల్లుల కింద పడి ఉంది. మా ఆడిటర్ అయిదు నిమిషాల్లో పట్టుకున్నారు. దాన్ని జతచేశాక తర్వాతి టెండరులో అభ్యంతరం రాలేదు.

కుల ధ్రువీకరణ పత్రం కొత్తగా తీయించడం దండగే అయింది. టెండరుతో పాటు కట్టే ధరావతు (డిపాజిట్) మినహాయింపుకూ కులానికీ సంబంధం లేదు, కేంద్ర ప్రభుత్వ 2012 సేకరణ (కొనుగోళ్ల) విధానం ప్రకారం అది సూక్ష్మ, చిన్న సంస్థలన్నింటికీ ఉంది. ఎస్సీ, ఎస్టీ యాజమాన్య సంస్థలకు ప్రత్యేకించింది ప్రభుత్వ కొనుగోళ్లలో 4 శాతం వాటా. ఉద్యమ్ నమోదు ఉచితం, డబ్బు అడిగిన ఏజెంటును నమ్మకండి. నేను నమ్మాను.