మానసిక చికిత్సకు బీమా: ఉన్న చట్టం చాలదా? (బెంగళూరు తెలుగువాళ్ల చర్చ)

మారతహళ్లి_మకాం:
మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఉంది కదా. శరీర జబ్బులకు బీమా ఎలా ఇస్తున్నారో మానసిక జబ్బులకూ అలాగే ఇవ్వాలని సెక్షన్ 21(4) చెబుతుంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మా తమ్ముడికి డిప్రెషన్. డాక్టరు ఫీజు, కౌన్సెలింగ్, మందులు అన్నీ మా జేబులోంచే. అడ్మిట్ అయితేనే ఇస్తామంది కంపెనీ. ఓపీ (ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం) ఖర్చు ఇవ్వడం తప్పనిసరి చేస్తూ చట్టం మార్చాలంటాను.

టీపీఏ_బల్ల:
నేను క్లెయిములు చూసే పనిలోనే ఉన్నాను. అన్నా, మామూలు పాలసీలో షుగర్ పేషెంటుకు కూడా ఓపీ ఖర్చు రాదు. చట్టం అడిగింది సమానంగా చూడమని. ఇద్దరికీ ఇవ్వకపోతే అదీ సమానమే! ఓపీ కలిపితే పెరిగే ప్రీమియం అందరి నెత్తినా పడుతుంది.

మారతహళ్లి_మకాం:
అక్కడే ఉంది తిరకాసు. షుగర్ ముదిరి ఆపరేషన్ దాకా వెళ్తే బీమా ఆదుకుంటుంది. డిప్రెషన్, యాంగ్జైటీ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి వైద్యమంతా ఆస్పత్రిలో చేరకుండానే జరుగుతుంది. షరతు ఒకటే అయినా దెబ్బ ఒకరికే ఎక్కువ తగులుతోంది. మన బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు చేసిన 2015-16 జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. వీళ్లలో ఎంతమంది అడ్మిట్ అవుతారంటారు?

వైట్‌ఫీల్డ్_బెంచ్:
నాకు ఆఫీసు పాలసీ ఉంది. హెచ్‌ఆర్‌కి తెలుస్తుందేమోనని క్లెయిమే పెట్టలేదు. ముందు ఈ టెన్షన్ సంగతి చూడండి.

హోసూరురోడ్డు_లాయరమ్మ:
కొత్త చట్టం సరే, ఉన్నది ఎలా అమలైందో చూడండి. చట్టం వచ్చాక కూడా ఒక మహిళ తన క్లెయిమ్ కోసం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2021లో ఆమెకు అనుకూలంగా తీర్పొచ్చింది. అన్ని పాలసీల్లోనూ అక్టోబరు 31కల్లా మానసిక జబ్బులను చేర్చమని 2022లో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ మళ్లీ చెప్పాల్సి వచ్చింది! క్లెయిమ్ కాదంటే ఏ షరతు కింద కాదన్నారో రాసివ్వమని అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లండి. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు (నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను).

అత్తిబెలె_అక్క:
అమెరికాలో బీమాలో మానసిక, శరీర జబ్బులను సమానంగా చూడాలనే చట్టం 2008 నుంచే ఉంది. అయినా గొడవలు ఆగలేదు. అందుకే 2020 చివర్లో ఇంకో చట్టం తెచ్చారు. దాని ప్రకారం, ముందస్తు అనుమతుల్లాంటి ఆంక్షలు రెండు రకాల జబ్బులకూ ఒకేలా ఉన్నాయని బీమా సంస్థలే విశ్లేషించి రాసిపెట్టుకోవాలి, అధికారులు అడిగితే చూపించాలి. మనకు కావాల్సింది ఇదే. రుజువు చేసే భారం రోగి మీద ఎందుకండీ?

టీపీఏ_బల్ల:
దీనికైతే నేనూ సరే అంటాను అక్కా. మానసిక జబ్బుల క్లెయిములు ఎన్నొచ్చాయో, ఎన్ని కాదన్నారో కంపెనీలవారీగా విడిగా ప్రచురించమనండి. ఓపీ తప్పనిసరికి మాత్రం ఒప్పుకోను.

మారతహళ్లి_మకాం:
అయితే ఓపీ కలిపితే ప్రీమియం ఎంత పెరుగుతుందో ఆ లెక్కా అందులోనే వేయమనండి. అది చూశాకే వాదించుకుందాం.