క్యాబ్ మానేసి డ్రైవింగ్ ట్రైనర్‌గా చేరడం తెలివైన పనేనా?

రాత్రి_బండి:
హైదరాబాద్‌లో 14 ఏళ్లుగా క్యాబ్ నడుపుతున్నాను, వయసు 43. నడుం పోయింది, అర్ధరాత్రి ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు ఇక నా వల్ల కావు. మా కాలనీ డ్రైవింగ్ స్కూల్ ఓనర్ ట్రైనర్‌గా రమ్మంటున్నాడు. మా బావమరిదేమో "సొంత బండి పెట్టుకుని ఒకడి కింద జీతానికి పోతావా" అంటున్నాడు. ఏం చేయమంటారు?

క్లచ్_బాబాయ్:
చేరు తమ్ముడూ. కానీ నడపడం వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు, నాకు 11 ఏళ్ల కింద ఇది తెలియక మొదటి వారమంతా "క్లచ్ మెల్లగా వదలండి" అని గొంతు చించుకుంటే ప్రతిసారీ బండి ఆగిపోయింది. ఖాళీ గ్రౌండ్‌లో యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్‌తోనే కారు కదిలించమను, అది ఎక్కడ పట్టుకుంటుందో వాళ్ల కాలికే తెలుస్తుంది. జీతం క్యాబ్ కంటే తక్కువే, దాయను. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా ఊపిరాడదు, మధ్యాహ్నం ఈగలు తోలుకోవాలి.

ఐటీఐ_పాతబ్యాచ్:
జీతం సంగతి తర్వాత, ముందు కాగితాలు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 24వ నిబంధన చూడండి: ట్రైనర్ టెన్త్ పాసై ఉండాలి, ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం ఉండాలి, దానికి తోడు మోటార్ మెకానిక్స్ సర్టిఫికెట్ కూడా ఉండాలి.

రాత్రి_బండి:
టెన్త్ ఉందన్నా. ఇంజిన్ సౌండ్ విని రోగం చెప్పేవాడికి మళ్లీ సర్టిఫికెట్ ఎందుకు?

ఐటీఐ_పాతబ్యాచ్:
మీకు పని రాదని కాదు. రేపు నేర్చుకునే పిల్లాడు ఎవరినైనా గుద్దితే, ఇతను ట్రైనర్ ఎలా అయ్యాడని అడుగుతారు. అప్పుడు సౌండ్ వినిపిస్తారా?

ఎల్_బోర్డు_అక్క:
క్యాబ్ అన్నలు ట్రైనర్లుగా రావడం నాకు ఇష్టం లేదు, కోపగించుకోకండి. నిబంధనల్లో కారుకి 21 రోజులు, అందులో కనీసం పది గంటలు చేతికి స్టీరింగ్ ఇవ్వాలని ఉంది. నాకు దక్కిందెంత? రోజుకి అరగంట అన్నారు, అందులో పావుగంట ఇంకో స్టూడెంట్‌ని ఇంటి దగ్గర దింపడానికే, మిగతా పావుగంట ఆయనే పక్క సీట్లోంచి స్టీరింగ్ తిప్పుతూ "అబ్బా, ఇంత చిన్న విషయం రాదా" అని అరిచేవాడు. ఆయనా పాత క్యాబ్ డ్రైవరే. ట్రాఫిక్‌లో కాలం గడిపిన మనిషికి ఓపిక మిగలదేమో. పెద్దమ్మాయికి మాత్రం లేడీ ట్రైనర్‌ని వెతికి పెట్టాను, హాయిగా నేర్చుకుంది.

క్లచ్_బాబాయ్:
అమ్మా, అది క్యాబ్ తప్పు కాదు, మనిషి తప్పు. స్టీరింగ్ లాక్కునేవాడు భయంతో లాక్కుంటాడు. మన వైపు కూడా బ్రేక్, క్లచ్ ఉన్న డ్యూయల్ కంట్రోల్ బండైతే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవచ్చు. అది లేని బండి ఎక్కకు తమ్ముడూ, ఓనర్ ఎంత ఇస్తానన్నా సరే.

గోదారి_గట్టు:
2021 నుంచి గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రాలంటూ వచ్చాయి కదా? సిమ్యులేటర్, సొంత ట్రాక్, కారుకి నాలుగు వారాల్లో 29 గంటలు, అక్కడ పాసైతే ఆర్టీఓ దగ్గర టెస్టే ఉండదు. అవి అన్ని ఊళ్లకీ వస్తే సందులో స్కూళ్ల గతేంటి? నేనైతే ఈ వయసులో ఆ పడవ ఎక్కను.

రాత్రి_బండి:
అక్కా, మీ మాట గుచ్చుకుంది, నిన్ననే మా అబ్బాయికి స్కూటీ నేర్పుతూ అరిచాను. ఆదివారం ఓనర్ బండిలో డ్యూయల్ కంట్రోల్ ఉందో లేదో చూసొస్తాను, మెకానిక్స్ కోర్సు సాయంత్రాలు ఎక్కడైనా ఉందేమో కనుక్కుంటాను. అప్పటిదాకా క్యాబ్ వదలను, బావమరిదికి చెప్పను.