మంచి కొలెస్ట్రాల్ బాగుంటే మిగతావి వదిలేయొచ్చా?

బైరాగిపట్టెడ కుర్రాడు:
నాన్నకు 56. నడుము 97 సెంటీమీటర్లు, పరగడుపు షుగర్ 109, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని కొవ్వు) 205. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ మాత్రం 55. అది చూసి మా మామ "మంచి కొలెస్ట్రాల్ ఇంతుంటే నీకేం కాదులే బావా" అన్నాడు. అంతే, నాన్న వాకింగ్ మానేశాడు. ఇందులో నిజమెంత?

చిత్తూరు సుబ్బన్న:
నిజమే కదా తమ్ముడూ. హెచ్‌డీఎల్ ఎక్కువున్నవాళ్లకు గుండెపోట్లు తక్కువని డాక్టర్లే ఎప్పట్నుంచో చెబుతున్నారు. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి తిని పెరిగిన ఒళ్లు మనది. ఊరికే టెన్షన్ పెట్టుకోవద్దు.

ల్యాబ్ అక్క:
నడుము, షుగర్, ట్రైగ్లిజరైడ్స్, బీపీ, హెచ్‌డీఎల్ అనే అయిదింటిలో మూడు హద్దు తప్పితే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు, అంటే షుగర్ జబ్బు, గుండె జబ్బు ముప్పు పెంచే స్థితి. మన మగవాళ్లకు హద్దులు నడుము 90, షుగర్ 100, ట్రైగ్లిజరైడ్స్ 150. మూడూ దాటేశాయి. హెచ్‌డీఎల్ బాగుందని ఆ మూడూ కొట్టుకుపోవు. బీపీ ఎంతో రాయలేదేం?

కొర్లగుంట మాస్టారు:
సుబ్బన్నా, హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్లకు గుండెపోటు ముప్పు ఎక్కువన్నది నిజం. కానీ ఆ అంకె పెంచితే ముప్పు తగ్గాలి కదా? టార్సెట్రపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను 70 శాతానికి పైగా పెంచింది. అది వేసుకున్నవాళ్లలోనే చావులు ఎక్కువయ్యాయని 2006 డిసెంబరులో పరీక్షలు ఆపేశారు.

చిత్తూరు సుబ్బన్న:
ఆ మందు బీపీ కూడా పెంచింది సార్! తప్పు మందుది. హెచ్‌డీఎల్‌ది ఎట్లవుతుంది?

కొర్లగుంట మాస్టారు:
మంచి పాయింటే. అందుకే మందు లేని సాక్ష్యం చూడాలి. పుట్టుకతోనే ఒక జన్యువు తేడా వల్ల హెచ్‌డీఎల్ ఎక్కువగా ఉండేవాళ్లున్నారు. వాళ్లకు గుండెపోట్లు ఏమీ తగ్గలేదని 2012లో తేలింది. కాబట్టి అది ఒంటి తీరు చెప్పే గుర్తే గానీ కాపలాదారు కాదని నా అభిప్రాయం.

ఒంట్లో నిజంగా కాపాడేవి వేరే ఉన్నాయి. కొవ్వు కణాల నుంచే వచ్చే అడిపోనెక్టిన్ అనే హార్మోన్, షుగర్‌ను అదుపు చేసే ఇన్సులిన్‌కు సాయం చేస్తుంది. పొట్ట పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. తొడల్లో చేరే కొవ్వు పొట్ట కొవ్వంత చెడ్డది కాదు, పైగా కొంత మేలే. అన్నిటికంటే పెద్ద అండ కండ. కండరం పని చేస్తున్నంతసేపూ ఇన్సులిన్‌తో పనిలేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. ఒక మంచి నడక ప్రభావం మర్నాటికీ ఉంటుంది. మీ నాన్నగారు మానేసింది సరిగ్గా దాన్నే!

చిత్తూరు సుబ్బన్న:
సరే, నడక మానడం తప్పే. హెచ్‌డీఎల్‌కు అసలు విలువే లేదంటే మాత్రం ఒప్పుకోను. ఇంతకీ సంగటి మంచిదా కాదా?

ల్యాబ్ అక్క:
ముద్ద ఎంతుందో చెప్పండి ముందు. మెత్తటి పిండి, అందులో బియ్యం నూకలు, దాంతో రెండు ముద్దలైతే షుగర్ పెరగక ఏమవుతుంది అన్నా?

బైరాగిపట్టెడ కుర్రాడు:
బీపీ ఇప్పుడే చూశాం, 138/88. రేపట్నుంచి అలిపిరి మెట్లెక్కించమంటారా?

కొర్లగుంట మాస్టారు:
వద్దు నాయనా, మూడున్నర వేల మెట్లు! ముందు డాక్టరుకు చూపించి, గుండె ఓకే అన్నాక మొదలుపెట్టండి. అప్పటిదాకా భోజనం చేశాక వీధి చివరిదాకా మెల్లగా నడిస్తే చాలు.