కోల్డ్ స్టోరేజీ స్టాకు రిపోర్టు: ఎక్సెల్ నుంచి ఇన్‌డిజైన్ పేజీలు వాటంతట అవే రావాలంటే ఎట్ల?

ఏనుమాముల_స్టాకు
నెలకోసారి 240 మందికి మిర్చి స్టాకు రిపోర్టు ఇయ్యాలె. లాట్ నంబరు, రకం (తేజ, వండర్ హాట్, చపాటా), బస్తాలు, కిరాయి బాకీ అన్నీ ఎక్సెల్‌ల ఉన్నయి. ఇన్‌డిజైన్ (పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్) టెంప్లేటు తయారుగా ఉన్నది. డేటా మెర్జ్ (ఎక్సెల్ వరుసలను టెంప్లేటుల నింపే పని) చేస్తే తెలుగు మొత్తం ప్రశ్న గుర్తులే. మనిషికొక గ్రాఫు కూడా కావాలె. ఎవరి పీడీఎఫ్ వాళ్లకు వాట్సాప్‌ల పోవాలె. దారి చెప్పున్రి.

హన్మకొండ_డీటీపీ
మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు ఎక్సెల్ దగ్గరనే పోతది, ఇన్‌డిజైన్ దాకా రానే రాదు. సేవ్ యాజ్‌ల ‘యూనికోడ్ టెక్స్ట్’ పెట్టు, యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకు ఉన్న ఉమ్మడి కోడు. మెర్జ్ ప్యానెల్‌ల సోర్స్ ఎంచుకునేటప్పుడు ‘షో ఇంపోర్ట్ ఆప్షన్స్’ టిక్ చేసి డీలిమిటర్ (గళ్లను విడదీసే గుర్తు) ట్యాబ్, ఎన్‌కోడింగ్ యూనికోడ్ ఇయ్యి. అక్షరం వచ్చినంక వత్తులు విడిపోతే పేరా స్టైల్ తెరిచి, జస్టిఫికేషన్‌ల కంపోజర్‌ను వరల్డ్-రెడీకి మార్చు.

మట్టెవాడ_ప్రెస్
ఇంత తిప్పలెందుకు, అను ఫాంట్లు (యూనికోడ్ కాని పాత డీటీపీ తెలుగు ఫాంట్లు) పెట్టున్రి. హెడ్డింగుకు అంత నిండైన అక్షరం యూనికోడ్‌ల లేదు.

కాజీపేట_పైథాన్
240 పేర్లు, వేల లాట్లు మళ్లా అనుల ఎవరు కొడతరు? అనుల కనిపించేది తెలుగు, లోపల ఉండేది వేరే కోడు. ‘చపాటా’ అని వెతికితే దొరకది, అకారాది వరుస కుదరది. యూనికోడ్ డేటా అను స్టైల్ మీద పడితే గులాబీ రంగు డబ్బాలే మిగులుతయి.

మట్టెవాడ_ప్రెస్
డేటాను అనుల కొట్టమని నేనెక్కడన్న? మారని మాటలకు అను, మారే గళ్లకు యూనికోడ్, పేరా స్టైళ్లు రెండు వేరు. ఇరవై ఏండ్ల సంది ప్లేట్లు తీస్తున్న, నాకు కోడు పాఠం చెప్పకు.

కాజీపేట_పైథాన్
ఒకే పేజీల రెండు జాతుల అక్షరాలు పక్కపక్కన పెడితే చూసేటోని కండ్లకు తెలుస్తది. హెడ్డింగుకు రామభద్ర ఉన్నది, లోపలికి మండలి ఉన్నది. రెండూ యూనికోడే, రెండూ ఉచితం. పీడీఎఫ్‌ల పేరు వెతికితే దొరకాలె కదా!

లేఅవుట్_వరంగల్
ఫాంటు కొట్లాట ఆపండి, పట్టిక ఎత్తు చూడండి. వరుస ఎత్తు ‘ఎగ్జాక్ట్‌లీ’ అని ఉంటే పొడుగు పేరు రెండో లైనుకు దిగి గడిలో ఎర్రచుక్క పడుతుంది, ప్రింటులో సగం పేరు మాయం. ‘అట్ లీస్ట్’ పెట్టండి. 9 పాయింట్ల తెలుగుకు 13 పాయింట్ల లీడింగ్ (లైనుకు లైనుకు దూరం) తగ్గించొద్దు. ఇంగ్లీషుకు వేసిన 11 ఉంచితే పైలైను వత్తు కిందిలైను గుడిని తాకుతుంది.

కరీంనగర్_లెక్కలు
కిరాయి బాకీ 1,25,000 అని రావాలె, 125,000 అని వస్తే చదివేటోళ్లు తడబడతరు. కస్టమ్ ఫార్మాట్ ఇది:
[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0
ముందే కట్టిన డబ్బులు మైనస్‌ల ఉంటే ఇది పనిచేయదు. మూడు భాగాలు ఇక్కడనే అయిపోయినయి, మైనస్ లక్షలు మూడో దాంట్ల పడి మళ్లా -125,000 అయితయి. జమ వేరే కాలమ్‌ల ప్లస్‌గ పెట్టుకో. లాట్ నంబరు 00452 సున్నాలు పోకుండ ఆ కాలమ్‌ను నింపకముందే టెక్స్ట్ చెయ్యాలె. తర్వాత చేస్తే పోయిన సున్నాలు తిరిగి రావు.

కాజీపేట_పైథాన్
అసలు చిక్కు ఎవరూ చెప్తలేరు. మెర్జ్‌కు ఒక వరుస అంటే ఒక రికార్డు. ఒక రైతుకు 2 లాట్లుంటయి, ఇంకొకరికి 19. పట్టిక దానంతటది పెరగదు. లాట్1, లాట్2 అని 20 కాలమ్‌లు పరిస్తే ఖాళీ గళ్లు అట్లనే నిలబడతయి. ‘రిమూవ్ బ్లాంక్ లైన్స్’ టిక్ పేరాలకే, పట్టిక వరుసలను అది తియ్యదు. పైథాన్ లైబ్రరీలు వాడు: పాండాస్‌తో పేరు వారీగా గుంపులు చేసి, జింజా టెంప్లేటుల పోసి, వీజీప్రింట్‌తో పీడీఎఫ్ తియ్యి. పట్టిక రెండో పేజీకి పోతే తల వరుస మళ్లా వస్తది, ఫైలు పేరు కూడా ఖాతా నంబరుతో ఇయ్యొచ్చు. రిపోర్ట్‌ల్యాబ్ (ఇంకో పైథాన్ పీడీఎఫ్ లైబ్రరీ) జోలికి మాత్రం పోకు. మామూలుగా వాడితే వత్తులు కలపదు, ‘క్ష’ విరిగి వస్తది.

మట్టెవాడ_ప్రెస్
ఆ పీడీఎఫ్ ప్రెస్సుకు తెస్తే నలుపు ఆర్‌జీబీల (తెర రంగుల పద్ధతిల) ఉంటది. ప్లేటు తీసేటప్పుడు నాలుగు రంగులుగా చీలుతది. కాగితం ఇసుమంత జరిగినా 9 పాయింట్ల అక్షరం చుట్టూ రంగు అంచు వస్తది. ఇన్‌డిజైన్‌ల అయితే ఒక్క నలుపు ప్లేటుతో పని అయిపోతది.

కాజీపేట_పైథాన్
ఆయన వాట్సాప్‌ల పంపుత అంటుండు, నువ్వు ప్లేటు తీస్తవా?

మట్టెవాడ_ప్రెస్
స్మార్ట్‌ఫోన్ లేని రైతు కూడా ఉంటడు. కాగితం మీద సాఫుగ కనబడాలె.

ఏనుమాముల_స్టాకు
యూనికోడ్ టెక్స్ట్‌తో తెలుగు వచ్చింది, వత్తులు కూడా కుదిరినయి. గ్రాఫు సంగతి ఎవరూ చెప్పలే.

హన్మకొండ_డీటీపీ
గ్రాఫులు ముందే బొమ్మలుగ తీసుకో, ఖాతా నంబరే ఫైలు పేరు. ఎక్సెల్‌ల ఒక కాలమ్ తలకు @గ్రాఫు అని రాయి. ఎక్సెల్ తప్పు చూపిస్తే @ ముందు ఒక ' పెట్టు. కింద ప్రతి గడిల బొమ్మ ఉన్న పూర్తి దారి ఇయ్యి. టెంప్లేటుల ఖాళీ ఫ్రేమ్ ఎంచుకొని ఆ ఫీల్డు నొక్కితే అతుక్కుంటది. కంటెంట్ ప్లేస్‌మెంట్‌ల ‘ఫిట్ ఇమేజెస్ ప్రొపోర్షనల్లీ’ ఉంచు, లేకుంటే గ్రాఫు అంచులు తెగుతయి.

లేఅవుట్_వరంగల్
గ్రాఫు లోపలి తెలుగు కూడా చూసుకోండి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో (పైథాన్ గ్రాఫు లైబ్రరీ) తీస్తే వత్తులు పక్కకు పడొచ్చు. ఎక్సెల్ చార్టునే బొమ్మగా తీయండి.