నీకు నీవె… దీవినా, దివ్వెనా?

మార్జిన్ రాత:
మా తాతగారి ధమ్మపదం (బుద్ధుడి గాథల పుస్తకం, పాళీలో) ప్రతిలో 160వ గాథ పక్కన పెన్సిల్‌తో రాసిన ఒక పాదం ఉంది. “నీకు నీవె ది.., నీవె దిక్కు.” చుక్కలు పెట్టిన చోట అరిగిపోయింది. గుడి దీర్ఘమో కాదో తెలియట్లేదు. కింద వత్తు ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ‘దీవి’ అయితే ఒక అర్థం, ‘దివ్వె’ అయితే ఇంకో అర్థం. ఆయన సొంతమా, ఎక్కడైనా అచ్చయిన పద్యంలోదా? మిగతా పాదాలు ఎవరికైనా తెలుసా?

గణయతి:
ఆటవెలదిలో సరిపాదం. ఐదూ సూర్యగణాలే, నాలుగో గణం దగ్గర ‘నీ’కి ‘నీ’ యతి. దీవి హగణం, దివ్వె కూడా హగణమే. పాతకాలపు ‘దివియ’ పెట్టినా నగణం, అదీ సూర్యగణమే. అంటే ఛందస్సును సాక్ష్యానికి పిలిచి లాభం లేదు. పద్యం మాత్రం నేనెక్కడా చూడలేదు.

పాళీ పంతులు:
ఛందస్సు చెప్పకపోతే మూలం చెబుతుంది. బుద్ధుడి చివరి రోజుల్ని చెప్పే మహాపరినిబ్బాన సుత్తంలో “తస్మాతిహానన్ద, అత్తదీపా విహరథ అత్తసరణా అనఞ్ఞసరణా, ధమ్మదీపా ధమ్మసరణా అనఞ్ఞసరణా”. అత్తదీపాకి ‘నీకు నీవె దీవి’, అత్తసరణాకి ‘నీవె దిక్కు’. పాళీ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు అట్ఠకథలో (వ్యాఖ్యానంలో) మహాసముద్రం మధ్యనున్న దీవిలాగా అని విప్పి మరీ చెప్పాడు. సంస్కృత ప్రతిలో ‘ఆత్మద్వీప’ అనే ఉంది. ఇక ధమ్మపదంలోనే 25వ గాథ చూడండి, “దీపం కయిరాథ మేధావీ యం ఓఘో నాభికీరతి”. ఓఘం ముంచని ‘దీప’ని తెలివైనవాడు చేసుకోవాలి అని. ఓఘం అంటే వరద. వరద దీపాన్ని ముంచదు, ఆర్పుతుంది. దీవినే ముంచుతుంది. కాబట్టి దీవి.

శారదమ్మ:
మరి ‘అప్ప దీపో భవ’, నీకు నీవే దీపం అవ్వు, అంటారే, దాని సంగతేంటండీ? ఏ పోస్టర్ చూసినా కింద వెలుగుతున్న ప్రమిద బొమ్మే వేస్తారు.

పాళీ పంతులు:
అమ్మా, ఆ వాక్యం ఆ రూపంలో త్రిపిటకంలో, అంటే పాళీ బౌద్ధ మూలగ్రంథాల్లో, ఎక్కడా లేదు. పాళీలో ‘తాను’ అనడానికి అత్త. ‘అప్ప’ అంటే అల్పం. ఆ పోస్టర్‌ని పాళీ అనుకుని చదివితే ‘బుడ్డి దీపం అవ్వు’ అని వస్తుంది. పైగా ‘విహరథ’ బహువచనం. బుద్ధుడు చెప్పింది శిష్యుడు ఆనందుడికే అయినా అందరినీ కలుపుకుని అన్నమాట అది.

గణయతి:
‘అప్ప’ వేరే ప్రాకృతాల్లో ఆత్మకి వికృతే కదా పంతులుగారూ. మహారాష్ట్రీ ప్రాకృతం చదివినవాళ్ళ ముందు బుడ్డి దీపం అంటే నవ్వుతారు.

పాళీ పంతులు:
నేను పాళీ అన్నాను. ప్రాకృతాలన్నీ అనలేదు.

గోదారి ఎగువ:
అసలు ముచ్చట మీరిద్దరూ వదిలేసిండ్రు. పాళీల ద్వీపం, దీపం రెండూ కలిసిపోయి ‘దీప’ అయినయి. అందుకే ఈ పంచాయితీ. తెలుగుల అవి కలవలే. ద్వీపానికి వికృతి దీవి, దీపానికి వికృతి దివ్వె. బళ్ళె ప్రకృతి వికృతులు చదివిన పిల్లగాడికి గూడ తెలుసు. అంటే తెలుగుల రాసేటోడు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, పాళీ లెక్క రెండు పడవల మీద కాళ్ళు పెట్టరాదు. తాతగారు ఏది ఎంచుకున్నరన్నదే ప్రశ్న గాని, బుద్ధఘోషుడు ఏమన్నడన్నది కాదు.

తూర్పుగాలి:
చైనా అనువాదకులకూ ఇదే చిక్కు వచ్చింది. క్రీ.శ. 413లో దీర్ఘాగమాన్ని (బుద్ధుడి సుత్తాల సంపుటం) చైనా భాషలోకి తెచ్చినవాళ్ళు ‘నిన్ను నువ్వు రగిలించుకో’ అని జ్వాల వైపు వెళ్ళారు. అదే 5వ శతాబ్దిలో సంయుక్తాగమం అనే ఇంకో సంపుటం చేసిన గుణభద్రుడు ‘జౌ’ అన్నాడు, అంటే నీటి మధ్య తేలిన లంక. జపాన్ బౌద్ధులు ఇప్పటికీ ‘జితోమ్యో’ అంటారు. అందులో ఉన్నది దీపమే. కాబట్టి దివ్వె పక్షం పోస్టర్ల పక్షం మాత్రమే కాదు, పదహారు వందల ఏళ్ళ పక్షం.

ఇంకొకటి. చైనా దావో మతపు మూలగ్రంథం దావో దె జింగ్ 33వ అధ్యాయంలో ఇతరులను ఎరిగినవాడు తెలివైనవాడు, తన్ను తాను ఎరిగినవాడు ‘మింగ్’ అని ఉంటుంది. మింగ్ అంటే వెలుగు. ఆ అక్షరంలో సూర్యుడూ చంద్రుడూ పక్కపక్కన ఉంటారు. వెంటనే ఇతరులను గెలిచినవాడికి బలం ఉంది, తన్ను తాను గెలిచినవాడే దృఢుడు అంటాడు. ధమ్మపదం 103 గుర్తు రావట్లేదూ? యుద్ధంలో వెయ్యిమందిని వెయ్యిసార్లు గెలిచినవాడికన్నా తనొక్కణ్ణి గెలిచినవాడే మేటి అన్న గాథ. చైనా చదువరి చెవికి తన మీద తాను నిలబడటం, వెలుగు, ఈ రెండూ ముందే జతపడి ఉన్నాయి.

పాళీ పంతులు:
33వ అధ్యాయం బాగుంది. కానీ దావో వాళ్ళ ‘తాను’ మీద నాకు అంత నమ్మకం లేదు. దావో రసవాది గె హాంగ్ (283–343) ‘నా ఆయువు నా చేతిలో ఉంది, ఆకాశం చేతిలో లేదు’ అన్న మాటను ఎత్తి చూపాడు. తలరాత అనే మాటకి ఇంత గట్టి జవాబు ఇంకోటి దొరకదు, ఒప్పుకుంటాను. కానీ ఆ మాట తర్వాత ఆయన వెళ్ళింది ఎక్కడికి? కొలిమి దగ్గరికి. ఇంగిలీకం కాల్చి అమరత్వపు మందు చేయడానికి. తాంగ్ చక్రవర్తుల్లో కొందరు ఆ మందులు మింగే పోయారు.

తూర్పుగాలి:
గె హాంగ్ ఒక్కడే దావో అయితే మీ మాట నిజం. జువాంగ్‌జీ అనే దావో గ్రంథంలో యెన్ హుయ్ వచ్చి ‘నేను కూర్చుని మరిచిపోతున్నాను’ అంటాడు. ఒంటినీ తెలివినీ వదిలి కూర్చున్నానని చెబితే, గురువైన కన్ఫ్యూషియస్సే ‘అయితే నేనే నీ వెనక నడుస్తా’ అంటాడు. దావో గురువు సిమా చెంగ్‌జెన్ (647–735) ఆ రెండు ముక్కల మీదే ఒక ధ్యానగ్రంథం రాశాడు. అక్కడ కొలిమీ లేదు, ఇంగిలీకమూ లేదు. కూర్చోవడం ఎవరికి వారే. ఆ కూర్చున్నవాణ్ణి కూడా మరిచిపోవాలి, అంతే తేడా.

శారదమ్మ:
అక్కడే నాకు అడ్డం పడుతుంది. ‘అనత్త’ అని చెప్పిన ఆయనే ‘అత్తదీపా’ అంటాడు. ఆత్మే లేనప్పుడు ఎవరు ఎవరికి దీవి?

పాళీ పంతులు:
ఆ అత్త వేదాంతంలో ఆత్మ కాదమ్మా, మన ‘తన’. తన తిండి తాను తింటాడు అంటే అందులో ఆత్మతత్త్వం ఏముంది? ‘ఆత్మదీపులు కండి’ అని అనువదించిన ప్రతివాళ్ళూ లేని గొడవ తెచ్చారు. 62వ గాథలో ‘అత్తా హి అత్తనో నత్థి’, తనకు తానే లేడు, ఇక కొడుకులెక్కడ, ధనమెక్కడ అంటాడు. 160లో ‘అత్తా హి అత్తనో నాథో’, తనకు తానే నాథుడు. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఆ నాథుడే తాతగారి ‘దిక్కు’. అందుకే 160 పక్కన రాసుకున్నారు.

పోతన వీరాభిమాని:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. ఈ పాదంలో ‘నీవు’ ఎవరో ఒక్కరూ అడగలేదేం? నా మటుకు ఇది స్తుతి. దేవుణ్ణి ఉద్దేశించి ‘నీకు నీవె దివ్వె’, నిన్ను చూపించడానికి వేరే దీపం అక్కర్లేదు, ‘నీవె దిక్కు’. పోతన గజేంద్రుడు ఏమన్నాడు? “పెంజీకటి కవ్వల నెవ్వం డేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్”. అదీ దివ్వె అంటే. ఆ తర్వాత “నీవే తప్ప నితఃపరం బెఱుఁగ”. అదీ దిక్కు అంటే. దిక్కులేనివాడికి దేవుడే దిక్కు అన్న జాతి మనది. ఎవడికి వాడే దిక్కు అని తెలుగువాడు ఆటవెలది రాస్తాడా?

గణయతి:
వేమన రాస్తాడు.

పోతన వీరాభిమాని:
మకుటం చూపించండి, ఒప్పుకుంటాను.

పాళీ పంతులు:
వీరాభిమానిగారూ, మీ ఊహ తప్పే కానీ ముచ్చటగా ఉంది. ‘అనఞ్ఞసరణా’ అంటే వేరొక శరణు లేనివారు. ‘నీవే తప్ప ఇతఃపరం బెఱుఁగ’ అన్నా వ్యాకరణం అదే. బుద్ధుడి మాటలో ఆ ‘నీవు’ వినేవాడు, పోతన మాటలో ఆ ‘నీవు’ విష్ణువు.

శారదమ్మ:
అయినా గజేంద్రుడు మొదటి రోజే ‘లావొక్కింతయు లేదు’ అనలేదండీ. మొసలితో వెయ్యేళ్ళు పెనుగులాడాక అన్నాడు. తన వంతు చేశాకే పిలిచాడు. ఆ వెయ్యేళ్ళని వదిలేసి మనం పద్యం ఒక్కటే పాడుకుంటాం.

పోతన వీరాభిమాని:
అమ్మా, నమస్కారం. ఇది రాసి పెట్టుకుంటాను. “ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను”... ఆ ‘ఠావుల్ దప్పెను’ దగ్గర ప్రాసలో ‘వు’ పడిన తీరు ఎంతమంది గమనిస్తారు?

దివిసీమ కుర్రాడు:
పంతులుగారూ, దీవి ఖాయం అంటున్నారు. మాది అవనిగడ్డ పక్క. మా సీమ పేరులోనే దీవి ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన మా ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకునే సంగతి. సముద్రం ఊళ్ళమీదికి వచ్చింది. దీవి అంటే రక్షణ అని మీకు అనిపిస్తుంది, మాకు అనిపించదు. నేనైతే ‘దివ్వె’ అనే చదువుతాను.

పాళీ పంతులు:
మీరు చెప్పినదాని వల్లే 25వ గాథలో ఆ రెండో సగం అవసరమైంది బాబూ. దీవి చేసుకో అని ఊరుకోలేదు, వరద ముంచని దీవి అన్నాడు. ముంచే దీవులున్నాయని తెలిసినవాడి మాట అది. అది దేంతో కట్టాలో కూడా ముందు సగంలోనే ఉంది, ఉట్ఠానం, అప్పమాదం, సంయమం, దమం. లేవడం, ఏమరకపోవడం, అదుపు, దాంతి.

శారదమ్మ:
ఒక్క మాట, కొంచెం పక్కదారి. ధ్యానం నేర్పే ఒకాయన, డిప్రెషన్‌లో ఉన్న మా ఎరిగిన అమ్మాయితో ‘నీకు నీవే దీపం, మందులు నీకెందుకు’ అన్నాడు. ఆ పిల్ల మానేసింది, తర్వాత ఇంట్లోవాళ్ళు చాలా టెన్షన్ పడ్డారు. దీవి అనండి, దివ్వె అనండి, ఆ వాక్యాన్ని ఎదుటివాడి మీద విసరడానికి వాడుతున్నారు.

పాళీ పంతులు:
అలా విసరడానికి మూలంలో చోటే లేదమ్మా. ఆ మాట అన్నది వైశాలి దగ్గర బేలువ గ్రామంలో, బుద్ధుడు, ఎనభై ఏళ్ళ మనిషి, పెద్ద జబ్బు నుంచి అప్పుడే లేచి. పాత బండిని పట్టీలు కట్టి లాగినట్టు ఈ ఒంటిని లాగుతున్నాను అన్నాడు. సంఘానికి ఏదో ఒకటి చెప్పకుండా పోరులే అని ఆనందుడు ధైర్యం తెచ్చుకుని ఉన్నాడు. దానికి జవాబు, నా దగ్గర ఆచార్యముష్టి లేదు, గుప్పిట్లో దాచుకున్నది ఏమీ లేదు, అంతా చెప్పేశాను అని. ఆ తర్వాతే అత్తదీపా. ఇంకెవరో వచ్చి మిగిలింది చెబుతారని చూడొద్దు అన్నాడు గానీ, ఎవరి సాయమూ తీసుకోవద్దు అనలేదు. ఇదే ఆనందుడు మంచి స్నేహితులు బ్రహ్మచర్యంలో (ఇక్కడ ధర్మజీవనం అని) సగం అంటే, ‘అలా అనకు, మొత్తం అదే’ అన్నాడాయన. ఆ నేర్పేవాయనకి ఆ సుత్తం కూడా చదివి వినిపించండి.

అత్తదీపా అంటే ఎలా ఉండాలో కూడా అక్కడే చెప్పాడు. ఒంటిని ఒళ్ళుగా, వేదనను (అనుభూతిని) వేదనగా, చిత్తాన్ని చిత్తంగా, ధమ్మాలను ధమ్మాలుగా చూస్తూ ఉండటం. నాలుగు సతిపట్ఠానాలు. పోస్టర్ల మీద ఈ వాక్యం ఉండదు. 276వ గాథలో అయితే ఇంకా సూటిగా, ‘తుమ్హేహి కిచ్చమాతప్పం, అక్ఖాతారో తథాగతా’, పూనిక మీది, తథాగతులు (బుద్ధులు) చెప్పేవాళ్ళు మాత్రమే. మారుడి (ఆశపెట్టి కట్టేసేవాడి) కట్లు తెంచుకునేది ఝాయినో, ధ్యానం చేసేవాళ్ళు.

గోదారి ఎగువ:
దీవి గురించి ఇంత మాట్లాడి కప్పుణ్ణి మరిచిపోయిండ్రు. సుత్తనిపాతం అనే పాళీ గాథల పుస్తకం, పారాయనవగ్గల బావరి అనే బ్రాహ్మణ గురువు ఉన్నది గోదావరి ఒడ్డున, అస్సక రాజ్యం దిక్కు. ఆయన పంపిన పదహారు మంది శిష్యులల్ల కప్పుడు ఒకడు. బుద్ధుణ్ణి ఏమడిగిండు? నడి నీళ్ళల్ల నిలబడ్డోళ్ళకు, భయంకరమైన వరద వచ్చినప్పుడు, ముసలితనం చావు కమ్ముకున్నోళ్ళకు దీవి ఏదో చెప్పు అని. జవాబు, ఏదీ లేకపోవుడు, ఏదీ పట్టుకోకపోవుడు, అదే దీవి, ఇంకోటి లేదు, దాన్నే నిబ్బానం అంటా అని. మా నిర్మల్ జిల్లాల గోదావరి నడుమ ఉన్న బాదన్‌కుర్తియే బావరి ఊరని కొందరు చరిత్రకారులు అంటరు. అది నిజమైతే, వరద నడుమ దీవి ఎట్లుంటదో కప్పునికి పుస్తకం చదివి తెలుసుకునే పని లేదు.

తూర్పుగాలి:
బాదన్‌కుర్తి గుర్తింపు మీద అందరూ ఒప్పుకోరు కదా అన్నా?

గోదారి ఎగువ:
‘కొందరు అంటరు’ అనే రాసిన కద తమ్మీ.

గణయతి:
ఇంతసేపు మీరు దేశాలు తిరిగారు, నేను పైపాదం కట్టాను. 25వ గాథనీ 160నీ కలిపితే ఇలా వస్తుంది.
“వరద ముంచలేని వాసమ్ము నీలోన
నీకు నీవె దీవి, నీవె దిక్కు”
మూడు సూర్య, రెండు ఇంద్ర, వ–వా యతి. ఎలా ఉంది?

పోతన వీరాభిమాని:
‘నీలోన’ అనగానే మళ్ళీ అంతర్యామి వచ్చాడు. గెలిచింది నేనే.

పాళీ పంతులు:
నాభికీరతి అంటే ముంచదు, అంతే. ‘లేని’లో వరదకి చేతకాదు అన్న అర్థం వస్తుంది, అది మూలంలో లేదు. ‘వరద ముంచనట్టి’ అనండి, గణాలు చెడవు.

గణయతి:
‘అట్టి’ పాదపూరణం పంతులుగారూ. ఆటవెలదిలో ‘అట్టి’ వేస్తే మా మాస్టారు మార్కులు కోసేవారు.

పాళీ పంతులు:
అయితే ‘వాసమ్ము’కి ఎన్ని కోసేవారు?